బొడ్డు పియర్సింగ్ దగ్గర పచ్చగా కారుతోంది, రింగ్ తీసేయాలా?

ప్రశ్న: నా వయసు 22. మూడు వారాల క్రితం బొడ్డుకి పియర్సింగ్ చేయించుకున్నా. రింగ్ చుట్టూ కొంచెం ఎర్రగా ఉంది, దురద కూడా ఉంది, పొద్దున లేచేసరికి పచ్చగా పెచ్చు కట్టి ఉంటోంది. రోజుకి మూడు సార్లు స్పిరిట్‌తో తుడుస్తున్నా, అంటుకుపోకుండా రింగ్ తిప్పుతున్నా. ఫ్రెండ్ చూసి చీము పట్టింది, తీసెయ్ అంటోంది. ఏం చేయాలి డాక్టర్ గారూ?

డాక్టర్ సలహా: తొందరపడి తీయకండి. ముందు ఆ స్పిరిట్ సీసా పక్కన పెట్టేయండి.

పచ్చగా అన్నారు, మన భాషలో పచ్చ అంటే పసుపూ కావచ్చు, ఆకుపచ్చా కావచ్చు, ఇక్కడ మాత్రం ఆ తేడా చాలా ముఖ్యం. పల్చగా, తెల్లగానో లేత పసుపుగానో, వాసన లేకుండా ఊరి, ఆరాక రింగ్ మీద ఎండిన జిగురులా గట్టిపడితే అది రసి, మానుతున్న పుండు మొదట్లో కార్చేదే. చిక్కగా, ముదురు పసుపుగానో ఆకుపచ్చగానో వాసనతో వస్తే అది చీము. మీరు రాసింది చదివితే మొదటిదే అనిపిస్తోంది, మూడో వారంలో కొంచెం ఎరుపు, దురద మామూలే, కానీ కళ్లతో చూడలేదు కదా, అందుకే కింద చెప్పే లక్షణాలు మీరే గమనించుకోవాలి.

స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి క్రిములతో పాటు కొత్తగా వస్తున్న చర్మాన్ని కూడా దెబ్బతీస్తాయి. ఇక రింగ్ తిప్పడం, చెవులు కుట్టినప్పటి పాత సలహా అది, ఎందుకు వదలరో తెలీదు! రంధ్రం రెండు చివర్ల నుంచి చర్మం మెల్లగా లోపలికి పెరుగుతుంటుంది, మీరు తిప్పిన ప్రతిసారీ ఎండిన పెచ్చు అంచు ఆ లేత చర్మాన్ని గీరి, పైనున్న మురికిని లోపలికి తీసుకెళ్తుంది. అంటే రోజూ మానుతోంది, రోజూ మీరే మళ్లీ రేపుతున్నారు.

చేయాల్సింది చాలా తక్కువ. చేతులు సబ్బుతో కడుక్కుని, మెడికల్ షాపులో దొరికే 0.9 శాతం సెలైన్‌లో శుభ్రమైన గాజుగుడ్డ ముక్క తడిపి రెండు మూడు నిమిషాలు ఆనించి ఉంచండి, పెచ్చు మెత్తబడి దానంతటదే వచ్చేస్తుంది, రాకపోతే వదిలేయండి, గోరు పెట్టొద్దు. రోజుకి ఒకటి రెండు సార్లు చాలు. దూది వద్దు, పోగులు రింగ్‌కి చుట్టుకుంటాయి. తర్వాత టిష్యూతో అద్ది ఆరబెట్టండి, బొడ్డు లోపల తడి ఉండిపోకూడదు. ఆయింట్‌మెంట్లు, నూనెలు, పొడులు ఏవీ రాయొద్దు.

నెలలో మానిపోతుందని ఎవరైనా చెప్పి ఉంటే నమ్మకండి. బొడ్డుకి ఆరు నెలల నుంచి ఏడాది దాకా పడుతుంది, ఎందుకంటే కూర్చున్నా వంగినా అక్కడ చర్మం మడత పడుతూనే ఉంటుంది, పైగా జీన్స్ బటన్, బెల్టు సరిగ్గా అక్కడే ఒరుసుకుంటాయి. నడుం దగ్గర వదులుగా ఉండే బట్టలు వేసుకోండి, బోర్లా పడుకోవద్దు, స్విమ్మింగ్ పూల్, చెరువు, సముద్రం కొన్నాళ్లు మానేయండి. పైన బాగా మానినట్టు కనిపించినా లోపల ఇంకా పచ్చి పుండే ఉంటుంది, రెండో నెలలో ముచ్చటపడి వేలాడే రింగ్ మార్చుకుని వాపుతో వచ్చేవాళ్లని చూస్తూనే ఉంటాం. మీది గుండ్రటి రింగ్ అయితే ఎక్కువ కదులుతుంది, వంపు ఉన్న బార్ నయం, కానీ మీరే మార్చకండి, పియర్సర్ చేత మార్పించుకోండి. లోహం తగిలిన చోటల్లా విపరీతమైన దురద, చిన్న చిన్న పొక్కులు ఉంటే నికెల్ అలర్జీ కావచ్చు, అప్పుడు ఇంప్లాంట్ గ్రేడ్ (శరీరం లోపల అమర్చడానికి వాడే రకం) టైటానియం వేయించుకుంటే మంచిది.

ఎరుపు రోజురోజుకీ పాకుతున్నా, ముట్టుకుంటే వేడిగా ఉన్నా, సలుపుతున్నా, చీము లేదా జ్వరం వచ్చినా అదే రోజు డాక్టర్‌కి చూపించండి. అప్పుడు కూడా రింగ్ మీరే పీకేయొద్దు, రంధ్రం పైకి మూసుకుపోయి చీము లోపలే ఉండిపోయి గడ్డ కడుతుంది. సొంతంగా యాంటీబయాటిక్స్ కూడా వద్దు. షుగర్ ఉన్నా, స్టెరాయిడ్స్ వాడుతున్నా ఇంకాస్త ముందే రండి. వాడిన సూది కొత్తదో కాదో డౌట్ ఉంటే హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి టెస్టుల గురించి, టెటనస్ ఇంజెక్షన్ గురించి డాక్టర్‌ని అడగండి.

తీసేయాల్సిన సందర్భం ఒకటుంది. బార్ మీదున్న చర్మం పల్చబడి లోపలి లోహం కనిపిస్తుంటే, లేదా రెండు రంధ్రాల మధ్య దూరం తగ్గుతూ వస్తుంటే శరీరం దాన్ని బయటికి నెట్టేస్తోందని అర్థం, ఆలస్యం చేస్తే చర్మం చీలి పెద్ద మచ్చ పడుతుంది. రోజూ చూసే కంటికి ఈ మార్పు తెలీదు, అందుకే వారానికోసారి ఒకే వెలుతురులో, ఒకే దూరం నుంచి ఫోటో తీసుకుని పాతదాంతో పక్కపక్కన పెట్టి చూసుకోండి, మా దగ్గరికి వచ్చినా ఆ ఫోటోలు పట్టుకురండి.