లోడర్ బిగించే ముందు ట్రాక్టర్ పాలసీ చదవండి

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. ఎనిమిది ఎకరాల్లో వరి, మిర్చి వేస్తాం. పాత మహీంద్రా 575 ట్రాక్టర్ ఇంజను పాడవడంతో దాన్ని అమ్మేసి, దాని ముందు భాగానికి బిగించే, మట్టి ఎత్తే బకెట్ లోడర్‌ను మాత్రం ఉంచుకున్నాం. ఈ ఏడాది నాన్నగారి పేరున సెకండ్ హ్యాండ్ స్వరాజ్ 744 ఫైనాన్స్‌లో తీసుకున్నాం. ఆరు నెలలకు 48,000 రూపాయల కిస్తీ. పాత లోడర్‌ను దీనికి బిగించడానికి ఫ్రేము, పంపు, కంట్రోల్ వాల్వు, ముందు టైర్లు కలిపి 1,60,000 అవుతుందని షాపు వారు కొటేషన్ ఇచ్చారు. బ్యాంకులో ఉన్న 60,000 తీసి, మిగతా లక్ష నూటికి మూడు రూపాయల వడ్డీకి తెద్దామనుకుంటున్నాను. గంటకు 900 చొప్పున ఏడాదికి 250 గంటలు కిరాయి దొరికితే ఏడాదిలోనే అప్పు తీరుతుంది. ట్రాక్టర్ నేనే నడుపుతాను. నాకు 34 ఏళ్లు, నాన్నగారికి 63. భూమి ఆయన పేరునే ఉంది. కొటేషన్, పాలసీ ప్రతులు పంపుతున్నాను. ఇది మంచి ఆలోచనేనా?

జవాబు: మీరు అనుకున్న వరుసలో మాత్రం ఈ పని చేయవద్దు. పాత పరికరాన్ని వేరే బండికి ఎక్కించి కిరాయికి తిప్పాలనుకునే రైతులు చాలామంది షాపు కొటేషన్‌నే మొత్తం ఖర్చుగా లెక్కవేసుకుంటున్నారు తప్ప, ఆ మార్పు తర్వాత తమ బీమా ఏ మేరకు పనికొస్తుందో అడగడం లేదు. మీ విషయంలో ఆ పొరపాటు స్పష్టంగా కనిపిస్తోంది కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను.

మీరు పంపిన పాలసీ థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే. ట్రాక్టర్ తిరగబడితే మరమ్మతుకు ఒక్క రూపాయి కూడా రాదు, కిస్తీ మాత్రం ఆగదు. వాహనాన్ని వ్యవసాయ పనులకే వాడాలన్న షరతు కూడా అందులో ఉంది కాబట్టి, కిరాయికి మట్టి ఎత్తుతుండగా ప్రమాదం జరిగితే క్లెయిమ్ వివాదంలో పడుతుంది. అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. ఆ పాలసీలో యజమాని డ్రైవరుకు ఉన్న 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా, ఆర్‌సీలో పేరున్న యజమాని తానే, చెల్లుబాటయ్యే లైసెన్సుతో నడుపుతున్నప్పుడే వర్తిస్తుంది. ఆర్‌సీ నాన్నగారి పేరున ఉంది, సీట్లో కూర్చునేది మీరు. ప్రీమియం కడుతున్నారు, కానీ ప్రమాదానికి ఎదురుగా ఉండే మనిషికే ఆ రక్షణ లేదు.

లోడర్ వచ్చాక ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. బకెట్ బరువు, అందులోని మట్టి బరువు ముందు ఇరుసు మీద పడి వెనుక చక్రాలు తేలికవుతాయి. నిండు బకెట్‌ను పైకెత్తి పొలం గట్టు మీద తిరిగితే బండి పక్కకు ఒరగడానికి ఎక్కువ సేపు పట్టదు. అందుకే వెనుక లింకేజీకి బరువు పెట్టె తగిలించడం, వెనుక టైర్లలో నీళ్లు నింపడం తప్పనిసరి. మీ షాపు వారి కొటేషన్‌లో వెనుక బరువు ప్రస్తావనే లేదు. ఫ్రేము గురించి కూడా అడగండి. 575 కోసం చేసిన బ్రాకెట్ల రంధ్రాలు 744కు సరిపోవు కాబట్టి కొత్తవి కావాలి. వాటిని బోల్టులతో బిగించి, లోడర్ బరువు వెనుక ఇరుసు వరకు పంచుకునేలా ఫ్రేమును వెనక్కి తీసుకెళ్లాలి. క్లచ్ హౌసింగ్‌కు వెల్డింగ్ పెడతామంటే అక్కడి నుంచి వచ్చేయండి. అది పోత ఇనుము, పగిలితే ట్రాక్టర్‌ను రెండుగా విడదీయాల్సి వస్తుంది. ప్రమాదం తర్వాత బీమా కంపెనీ సర్వేయర్ చూసేది కూడా ఇలాంటి బిగింపులనే.

1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలకు తేడా వచ్చే మార్పులను యజమాని తన ఇష్టప్రకారం చేయకూడదు. కాబట్టి ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో అడగండి, ఫైనాన్స్ కంపెనీ అంగీకారం తీసుకోండి. తర్వాత బీమా కంపెనీకి లోడర్ వివరాలు, కిరాయి వాడకం రెండూ రాసి ఇచ్చి, సొంత నష్టానికి కూడా వర్తించే ప్యాకేజీ పాలసీ అడగండి. క్రేన్లు, ఎక్స్‌కవేటర్ల వంటి యంత్రాల పాలసీలకు ఐఎంటి 47 అనే షరతు ఉంటుంది. యంత్రాన్ని పనిముట్టుగా వాడుతున్నప్పుడు తిరగబడి జరిగే నష్టాన్ని ఆ షరతు మినహాయిస్తుంది. ఆ రక్షణ కావాలంటే అదనపు ప్రీమియం కట్టాలి. లోడర్ ఉన్న మీ ట్రాక్టర్‌కు ఈ షరతును వర్తింపజేస్తారా అన్న ప్రశ్నకు కాగితం మీద జవాబు తీసుకోండి. ఏజెంటు నోటిమాట క్లెయిమ్ రోజున పనికిరాదు.

ఇక మనుషుల బీమా సంగతి. రైతు బీమా ఉందిలే అన్న ధీమా మీ ఇంట్లో ఉంటే, దాన్ని వదులుకోవాల్సిందే. 5 లక్షల రూపాయల ఆ రాష్ట్ర ప్రభుత్వ జీవిత బీమా పథకం 18 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న పట్టాదారులకు. నాన్నగారు ఆ వయసు దాటారు, మీరు పట్టాదారు కారు. అంటే ఇద్దరిలో ఎవరికీ అది లేదు. ఏడాదికి 20 రూపాయలతో 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో ఇద్దరూ ఈ వారమే చేరండి. అది సరిపోదు కాబట్టి, మీ పేరున శాశ్వత వైకల్యానికి, మంచాన పడ్డ వారాల ఆదాయ నష్టానికి పరిహారం ఇచ్చే వ్యక్తిగత ప్రమాద పాలసీతో పాటు మీరు చనిపోతే కుటుంబానికి కనీసం 50 లక్షలు ఇచ్చే టర్మ్ పాలసీ కూడా తీసుకోండి. చేసే పని ట్రాక్టర్ నడపడమని, లోడర్ పని కూడా చేస్తారని దరఖాస్తులో దాచకుండా రాయండి.

అప్పు విషయంలో నాకు ఓపిక లేదు. నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. లక్షకు 36,000 వడ్డీ. మీరు చెప్పిన కిరాయి 2,25,000 చేతికి మిగిలే డబ్బు కాదు. గంటకు నాలుగు లీటర్ల డీజిలుకు దాదాపు 400, ఆయిలు, గ్రీజు, హోసులు, టైర్ల అరుగుదలకు 150 తీసేస్తే గంటకు 350 చొప్పున 87,500 మిగులుతుంది. వడ్డీ పోగా 51,500. ఏడాదిలో అసలు సగం దగ్గరే ఆగిపోతుంది. ట్రాక్టర్ కిస్తీలు 96,000 విడిగా కట్టాలి, బీమా ప్రీమియాలు నేను ఇంకా కలపనే లేదు. పైగా ఇది 250 గంటలూ పని దొరికి, బండి ఒక్క రోజు కూడా ఆగకపోతే వచ్చే లెక్క. బ్యాంకులోని 60,000 కూడా తీసేస్తే, మిర్చికి తెగులు వచ్చిన నెలలో మళ్లీ అదే వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కాలి. ఆ డబ్బును కదపవద్దు. పంట రుణాన్ని ఇటు మళ్లించే ఆలోచన కూడా పెట్టుకోవద్దు.

అన్ని అనుమతులూ కాగితం మీద వచ్చాక, సహకార సంఘంలోనో బ్యాంకులోనో వ్యవసాయ పరికరాల టర్మ్ లోను దొరికితే అప్పుడు ఆలోచించవచ్చు. మీ సొంత పొలం పనికైతే సీజన్లో గంటల లెక్కన జేసీబీని పిలిపించుకోవడం చౌక. బీమా కంపెనీ కుదరదని రాసి ఇస్తే, లోడర్‌ను 575 ఉన్న రైతుకు ఎవరికైనా అమ్మి, ముందు మీ ప్రమాద పాలసీ, టర్మ్ పాలసీల ప్రీమియం కట్టి, మిగిలినది ఆ 60,000కు కలపండి.