కొత్త ఎం.ఎస్సీ. పెట్టే ముందు

కర్నూలు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం, దానితో పాటు కోర్సు ప్రతిపాదన అందాయి. రెండుసార్లు చదివాను. సిలబస్ నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌కు అధ్యక్షురాలివైన తొలి ఏడాదిలోనే అనంతపురంలో సౌరశక్తి మీద ఎం.ఎస్సీ. తేవాలని పూనుకున్నందుకు చాలా సంతోషించాను. మా ఊరికి దగ్గరలో గని, శకునాల గ్రామాల వద్ద 1000 మెగావాట్ల సౌర పార్కు 2017లోనే పూర్తయింది. మీ వైపు నంబులపూలకుంటలో మరొకటి ఉంది. రామగిరి కొండల మీద గాలిమరలు అంతకు ఎన్నో ఏళ్ల ముందే వచ్చాయి. ఇంత కరెంటు మన నేల మీద పుడుతుంటే ఆ పని తెలిసినవాళ్లను బయటి నుంచి తెచ్చుకోవలసి రావడమేమిటని రాశావు. ఆ బాధ నాకూ ఉంది. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగవుతుంది, ఓపికగా చదువు.

ఆమోదం తెచ్చుకోవడం గురించే నువ్వు ఎక్కువ దిగులు పడుతున్నావు. డిపార్ట్‌మెంటు తీర్మానం, ఆ తరువాత బోర్డ్ ఆఫ్ స్టడీస్, అకడమిక్ సెనేట్, చివరికి పాలకమండలి. మెట్లు ఇవే, ఎక్కడా దాపరికం లేదు. కాగితాలు సక్రమంగా ఉంటే ఫైలు కదులుతుంది. అసలు ప్రశ్న వేరు. మడకశిర నుంచో ఉరవకొండ నుంచో వచ్చి ఈ కోర్సులో చేరిన పిల్ల, చదువు ముగిసిన ఐదేళ్లకు ఏదో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు ఆ పట్టా చెల్లాలి. అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ రా.

ముందు పేరు సంగతి. ‘ఎం.ఎస్సీ. సోలార్ ఎనర్జీ అండ్ సస్టైనబుల్ టెక్నాలజీస్’ అని పెట్టావు. విశ్వవిద్యాలయాల గ్రాంట్ల కమిషన్ (యూజీసీ) చట్టం 1956లోని 22వ సెక్షన్ ప్రకారం కమిషన్ ప్రకటించిన డిగ్రీలనే విశ్వవిద్యాలయం ఇవ్వాలి. ఆ డిగ్రీల జాబితా 2014 నోటిఫికేషన్‌లో ఉంది. ఎం.ఎస్సీ. అందులో ఉంది కనుక చట్టరీత్యా నీకు ఇబ్బంది లేదు. ఇబ్బంది దాని పక్కన రాసే సబ్జెక్టు పేరుతో వస్తుంది. లెక్చరర్ పోస్టుల నోటిఫికేషన్లలో ‘సంబంధిత సబ్జెక్టులో పీజీ’ అని ఉంటుంది. సర్టిఫికెట్ల పరిశీలనలో కూర్చున్న గుమాస్తా తన జాబితాలో ఫిజిక్స్ అన్న మాట కోసం వెతుకుతాడు. నీ పిల్లల పట్టా మీద ఆ మాట కనబడకపోతే అది ఫిజిక్స్‌తో సమానమని చెప్పే ఈక్వివలెన్స్ సర్టిఫికెట్ తెమ్మంటాడు. ఇలాగే పొడవాటి సబ్జెక్టు పేరున్న పట్టాతో ఒక కుర్రవాడు ఆ కాగితం కోసం తన విశ్వవిద్యాలయం చుట్టూ తిరగడం నేను కళ్లారా చూశాను. అది చేతికొచ్చే సరికి గడువు దాటిపోయింది. వాళ్ల నాన్న వేరుశనగ రైతు. ఆ ఇంట్లో పీజీ దాకా వచ్చినవాడు వాడొక్కడే.

కాబట్టి పట్టా మీద ‘ఎం.ఎస్సీ. ఫిజిక్స్’ అనే ఉండనీ. సౌరశక్తిని ప్రత్యేకాంశంగా చూపించు. క్వాంటం మెకానిక్స్, ఎలక్ట్రోడైనమిక్స్, స్టాటిస్టికల్ మెకానిక్స్ వంటి మూల పేపర్లలో ఒక్కటి కూడా తగ్గించకు. అవి పూర్తిగా ఉంటేనే లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ రాయగలరు, కాలేజీల్లో పాఠం చెప్పగలరు. అది చాలదు. ఈ ప్రత్యేకాంశంతో వచ్చే పట్టా మామూలు ఎం.ఎస్సీ. ఫిజిక్స్‌తో అన్ని విధాలా సమానమని, కోర్సును ఆమోదించే తీర్మానంలోనే అకడమిక్ సెనేట్ చేత రాయించు. ఇప్పుడు ఒక్క వాక్యంతో పోయే పని అది. పదేళ్ల తరువాత అయితే ఒక్కో పిల్లవాడూ విడివిడిగా అర్జీ పెట్టుకోవలసి వస్తుంది.

తరువాత అధ్యాపకుల లెక్క. నీ ప్రతిపాదనలో నాకు కలవరం కలిగించింది ఇదే. ‘ఉన్న సిబ్బందితో, అవసరమైతే గెస్ట్ ఫ్యాకల్టీతో నిర్వహిస్తాం’ అని ఒక్క వాక్యం రాసి వదిలేశావు. కాగితం, పెన్సిలు తీసుకుని నాతో పాటు లెక్క వెయ్యి. సెమిస్టరుకు నాలుగు థియరీ పేపర్లు, ఒక్కోదానికి నాలుగు క్రెడిట్లు. క్రెడిట్‌కు 15 గంటల పాఠం, సెమిస్టరుకు 15 వారాలు. అంటే వారానికి 16 గంటల థియరీ. రెండు ల్యాబులు, ఒక్కోదానికి రెండు క్రెడిట్లు. ల్యాబులో క్రెడిట్‌కు 30 గంటలు పడుతుంది కనుక వారానికి ఎనిమిది గంటలు. 30 మందిని ఒకేసారి ల్యాబులో నిలబెట్టలేవు, రెండు బ్యాచులు చెయ్యాలి, కాబట్టి అది 16 అవుతుంది. మొత్తం 32 గంటలు. అసిస్టెంట్ ప్రొఫెసర్ బోధన భారం వారానికి 16 గంటలు కనుక ఇద్దరు కావాలి. మొదటి ఏడాది ఎలాగో సర్దుకుంటారు. రెండో ఏడాది కొత్త బ్యాచ్ చేరుతుంది, పాతది మూడో సెమిస్టరుకు వస్తుంది. లెక్క ఒక్కసారిగా 64 గంటలకు, నలుగురికి చేరుతుంది. కొత్త కోర్సులు నీరసించిపోవడం నేను చూసినంతవరకు మూడో సెమిస్టరులోనే మొదలవుతుంది. అప్పటికి ప్రారంభోత్సవపు ఉత్సాహం ఉండదు, గెస్ట్ లెక్చరర్ వేరే ఉద్యోగం దొరికి వెళ్లిపోతాడు, ప్రత్యేకాంశపు పేపర్లు చెప్పేవాళ్లు ఉండరు. ఏ పేపర్ల కోసం పిల్లలు ఈ కోర్సును ఎంచుకున్నారో అవే అందవు.

పైన చెప్పిన పేరు మార్పు ఇక్కడ కూడా కలిసివస్తుంది. పట్టా ఫిజిక్స్‌దే అయితే మొదటి ఏడాది థియరీ క్లాసులను ఇప్పుడున్న ఎం.ఎస్సీ.తో కలిపి నడపవచ్చు. మొదటి ఏడాదికి అదనంగా కావలసింది ల్యాబు గంటలే. రెండో ఏడాది పేపర్లు మాత్రం వేరు. అప్పుడు 48 గంటలకు ముగ్గురు మనుషులతో కోర్సు నిలబడుతుంది. ఏ పేపరు ఎవరు చెబుతారో సెమిస్టరు వారీగా పేర్లతో పట్టిక వేసి ప్రతిపాదనకు జత చెయ్యి. ఎవరి పేరూ రాయలేని గడి ఉంటే దాన్ని ఖాళీగానే చూపించు. ఆ ఖాళీయే పోస్టు అడగడానికి నీకున్న బలమైన ఆధారం. పోస్టు మంజూరు ప్రభుత్వం దగ్గర ఆలస్యమవుతుంది కనుక ఈలోగా కాంట్రాక్టు జీతానికి ఎంత పడుతుందో ఫైనాన్స్ కమిటీకి ముందే లెక్క ఇవ్వు.

సిలబస్ విషయం. నీ మూడో సెమిస్టరు ల్యాబు జాబితాలో ఉన్న పరికరాలు మీ దగ్గర లేవని నాకు తెలుసు. ఏదో పెద్ద సంస్థ సిలబస్ చూసి రాసినట్టున్నావు. పరికరం లేని ప్రయోగం రికార్డులో మాత్రమే ఉంటుంది, పిల్లల చేతికి రాదు. దాని బదులు మన పార్కుల్లో రోజూ ఏం చేస్తారో చూడు. రేపు ఎంత కరెంటు వస్తుందో సౌర కేంద్రాలు ఇవాళే అంచనా ఇవ్వాలి. రోజును 15 నిమిషాల చొప్పున 96 బ్లాకులు చేసి ఒక్కోదానికి ఒక్కో అంకె చెప్పాలి. మబ్బు పట్టినా, సౌర పలకల మీద దుమ్ము పేరుకున్నా ఆ అంకె తప్పుతుంది. మన సీమ దుమ్ము గురించి నీకు నేను చెప్పాలా! పలక మీద దుమ్ము ఎన్ని రోజులకు ఎంత ఉత్పత్తిని తగ్గిస్తుందో మీ డిపార్ట్‌మెంటు మేడ మీదే నాలుగు పలకలు పెట్టి ఏడాది పొడవునా కొలవవచ్చు. అలాంటి ప్రాజెక్టు చేసిన పిల్లను ఇంటర్వ్యూలో ఎవరూ తేలిగ్గా తీసెయ్యలేరు. బోర్డులో బయటి నిపుణులుగా ప్రొఫెసర్లతో పాటు పార్కులో పనిచేసే ఇంజనీరు ఒకరిని కూడా తీసుకో. ముసాయిదాను సమావేశానికి కనీసం రెండు వారాల ముందు వాళ్లకు పంపు. బల్ల మీద పెట్టి అప్పటికప్పుడు సంతకాలు తీసుకునే సిలబస్‌ను ఎవరూ చదవరు.

దీన్ని ఎం.టెక్. చేద్దామని మీ డీన్ అంటున్నారని రాశావు. విశ్వవిద్యాలయం తన ప్రాంగణంలో నడిపే సాంకేతిక కోర్సుకు సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ ముందస్తు అనుమతి అవసరం లేదని 2001లో భారతీదాసన్ విశ్వవిద్యాలయం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ప్రమాణాలు మాత్రం పాటించాలి. అంత సిబ్బంది, అన్ని ల్యాబులు మీకు ఇప్పుడు లేవు. ఎం.ఎస్సీ. దగ్గరే ఆగు.

తొందర పెట్టేవాళ్లు ఉంటారు. వైస్ ఛాన్సలర్ సంతకంతో ఈ ఏడాదే మొదలుపెట్టి, సెనేట్‌లో తరువాత ఆమోదముద్ర (ర్యాటిఫికేషన్) వేయించుకోవచ్చని అంటారు. ఒప్పుకోకు. పిల్లలు చేరిపోయాక సెనేట్‌లో ఎవరూ ప్రశ్న వెయ్యలేరు. వేసినా దిద్దుకునే వీలుండదు. పీజీ ప్రవేశ పరీక్ష పీజీసెట్ సీట్ల జాబితాలోకి ఈ ఏడాది ఎక్కకపోతే వచ్చే ఏడాది ఎక్కుతుంది. సెనేట్‌లో కటువుగా ప్రశ్నించే సభ్యుడి మీద కోపం తెచ్చుకోకు. ఆయన అడిగినదాన్ని, నువ్వు ఇచ్చిన జవాబును మినిట్స్‌లో రాయించు. తరువాత వచ్చే హెడ్‌కు అది పనికొస్తుంది.

ఇంకో రెండు సంగతులు. ఫీజు సెల్ఫ్ ఫైనాన్స్ పద్ధతిలో, అంటే కోర్సు ఖర్చు ఫీజుల మీదే నడిచేలా పెడుతున్నారు కనుక, ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ వర్తిస్తుందో లేదో తేల్చుకుని ప్రాస్పెక్టస్‌లో స్పష్టంగా రాయి. వస్తుందేమోనన్న ఆశతో చేరినవాళ్లు హాల్‌టికెట్ దగ్గర ఆగిపోకూడదు. రెండోది, కోర్సు ఆపే సంగతి. శుభమా అని మొదలుపెడుతూ ముగింపు మాట ఎందుకని అనుకోకు. వరుసగా రెండేళ్లు ఇంతమంది కంటే తక్కువ చేరితే కొత్త ప్రవేశాలు ఆపుతామని, అప్పటికే ఉన్నవాళ్లకు పాఠాలు, సప్లిమెంటరీ పరీక్షలు ఫలానా ఏడాది దాకా జరుపుతామని తీర్మానంలో ఒక పేరా ఉండాలి. ఆ పేరా లేని చోట కోర్సు ఆగితే నష్టపోయేది బ్యాక్‌లాగ్ పేపర్లు మిగిలిన పిల్లలే.

పేర్ల పట్టిక, ఉన్న పరికరాల జాబితా సిద్ధం కాగానే నాకు పంపు. ల్యాబు భాగాన్ని నేను తిరగరాసి పెడతాను. ఇంట్లో అందరికీ మా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
మీ మాస్టారు