పెరటి గుంటలో ఏ మొక్కలు వేయాలి?

సందేహం: మాది కాశీనగర్ దగ్గర పల్లె. ఎకరంన్నర జీడితోట ఉంది. ఇంటి వెనక 12 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పుతో గుంట తవ్వించాం. మధ్యలో రెండున్నర అడుగుల లోతు. చేపల పెంపకానికి కాదు. మా ఊరి బంద (చిన్న చెరువు) పూడ్చేశాక కప్పల అరుపే లేదు, నా నాలుగేళ్ళ మనవడు తోకకప్పని చూడనే లేదు. కప్పలు, తూనీగలు, పిట్టలు రావాలంటే ఏం వేయాలి? పువ్వు బాగుంటుందని మా అబ్బాయి గుర్రపుడెక్క తెస్తానంటున్నాడు. మా అత్తగారికి తామర కావాలి. దోమలొస్తాయని పక్కింటివాళ్ళ గొడవ.
– ఒక మహిళా రైతు, గజపతి జిల్లా, ఒడిశా

సలహా: అమ్మా, ముందు మీ అబ్బాయిని ఆపండి. గుర్రపుడెక్క పువ్వు అందంగానే ఉంటుంది, కాదనను. కానీ అది దక్షిణ అమెరికా నుంచి వచ్చిన కలుపు. ఎండా నీళ్ళూ కుదిరితే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. ఇవాళ నాలుగు మొక్కలు వేస్తే వానాకాలం దాటేసరికి మీ గుంటలో నీళ్ళు కనపడవు. కిందికి వెలుతురు దిగదు, నీటికి గాలి తగలదు, తోకకప్పలు ఊపిరాడక చస్తాయి. అంతటితో పోదు. మీరున్నది వంశధార పక్కన. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటి వాన మళ్ళీ పడితే గుంట పొంగుతుంది, మొక్క గెడ్డలో (వాగులో) పడుతుంది, గెడ్డలోంచి వంశధారలోకి, అక్కణ్ణించి గొట్టా బ్యారేజీ కాలువల్లోకి పోతుంది. కింద శ్రీకాకుళం రైతు దాన్ని పొలంలో కలుపుతో పాటు లాగుకోవాలి. అందుకే ఎవరడిగినా నేను ఒకటే చెబుతాను: గుంట పొంగి గెడ్డలో కలిసినా నష్టం చేయని మొక్కలే, అంటే మీ చుట్టుపక్కల చెరువుల్లో ఎప్పట్నుంచో ఉన్నవే వేయండి. అంతరతామర, నర్సరీల్లో పేరు చెప్పకుండా అమ్మే తేలుడు మొక్కలు అసలు వద్దు.

ఇక ఏం వేయాలంటే, నీటి మీద ఆకు పరిచేందుకు కలువ. మన చెరువుల్లో దొరికే నీలికలువ ఒక్క దుంప చాలు, మహా అయితే రెండు. ఒక్కో మొక్కే నాలుగైదు అడుగుల మేర పాకుతుంది. పగలు విచ్చే పువ్వు కాబట్టి తేనెటీగలు వస్తాయి, ఆకు మీద కప్ప కూర్చుంటుంది. దుంపని నేరుగా గుంటలో పాతకండి. అడుగున్నర వెడల్పు ప్లాస్టిక్ బేసిన్‌లో పొలం బంకమట్టి నింపి, మొలక కొస బయటికి ఉండేలా నాటి, పైన ఏటి గులకరాళ్ళు ఒక పొర పరవండి. మొదట అడుగు లోతులో పెట్టి, ఆకులు పైకి తేలాక మధ్యకి జరపండి. రోజుకి ఐదారు గంటలు ఎండ తగలాలి. పేడగానీ కంపోస్టుగానీ వేయొద్దు. చేపల చెరువుకి పేడ వేస్తాం కదా అనుకుంటారేమో. ఇక్కడ పేడ వేస్తే నీరు పచ్చటి చారులా మారుతుంది. ఆకులు గుంటలో సగానికి మించి కప్పకూడదు, మించితే కోసేయండి.

నీటి లోపలికి, రిబ్బన్‌లా పొడుగాకులుండే వాలిస్నేరియా నాలుగు పిలకలు చాలు. హైడ్రిల్లా నాచుని మీరు తేనక్కర్లేదు, అదే వస్తుంది. వచ్చాక నెలకోసారి చేత్తో పలచన చేయండి.

అసలు సందడంతా గట్టు అంచున ఉంటుంది. ఒకవైపు గట్టుని నిటారుగా ఉంచకుండా ఏటవాలుగా చెక్కించి, జానెడు లోతు మెట్టు ఒకటి వదలండి. కప్పపిల్లలు బయటికి ఎక్కేది అక్కణ్ణించే, పిట్టలు నీళ్ళు తాగేదీ అక్కడే. ఆ బురదలో వస, చేమ, నీటిబ్రాహ్మి నాటండి. నాలుగాకులు విచ్చుకున్నట్టుండే సునుసునియా సాగొ అనే ఆకుకూర మీ ఒడియా ఇరుగుపొరుగు పొలం గట్ల నుంచి తెచ్చుకునేదే, అదీ వేయండి. పొన్నగంటి కూడా బాగుంటుంది, కానీ చూసి తెచ్చుకోండి. పొన్నగంటికి తెల్లపూలు కాడ లేకుండా కణుపునే అతుక్కుని ఉంటాయి. కాండం బోలుగా ఉండి, పువ్వు పొడుగాటి కాడ మీద నిలబడితే అది ఎలిగేటర్ కలుపు, వెంటనే పీకి ఎండబెట్టండి.

నిలువుగా లేచే మొక్క ఒకటి తప్పనిసరి, తుంగ దుబ్బు ఒకటి కుండీలో పెట్టండి. తూనీగ పిల్ల నీటిలో పెరిగి, ఒక రాత్రి ఆ కాడ పట్టుకుని పైకి పాకుతుంది. వీపు చిట్లి తూనీగ బయటికొస్తుంది. తెల్లారి చూస్తే కాడకి గోధుమరంగు పొట్టు ఒకటి కాళ్ళతో సహా అంటుకుని ఉంటుంది. మీ మనవడికి అది చూపించండి. తుంగకి బదులు జమ్ము మాత్రం వద్దు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనే ఒక చిన్న గుంటలో జమ్ము నాటించాను. రెండేళ్ళలో గుంట జమ్ముపొద అయిపోయింది, వేళ్ళు నరికి తీయించడానికి నాలుగు రోజులు పట్టింది.

చేమని ఆకు నీటి మీదికి వంగేలా నాటండి, దానికి కారణం ఉంది. వానలు మొదలయ్యాక ఒక ఉదయం ఆ ఆకుకి సబ్బునురుగు ముద్దలా ఏదో వేలాడుతూ కనిపించవచ్చు. చెట్టుకప్ప గూడు అది. లోపల గుడ్లుంటాయి, కొద్ది రోజులకి తోకకప్పలు జారి నీటిలో పడతాయి. మురికి అనుకుని నీళ్ళు కొట్టి కడిగేయకండి.

దోమల సంగతి. మన కొండవార ఊళ్ళకి మలేరియా కొత్త కాదు, పక్కింటివాళ్ళ భయం న్యాయమైనదే. అయితే మొక్కలతో కిక్కిరిసి, వేటాడే జీవులు లేని గుంటే దోమకి పుట్టిల్లు. మాన్సోనియా అనే దోమ పిల్ల గుర్రపుడెక్క, అంతరతామర వేళ్ళకి గుచ్చుకుని అందులోంచే గాలి పీలుస్తుంది. బోదకాలులో ఒక రకాన్ని మోసేది ఆ దోమే. మీ గుంటలో సగం నీరు తెరిచి ఉంటే తూనీగ పిల్లలూ నీటి పురుగులూ దోమ పిల్లల్ని తింటాయి. అవి చేరడానికి కొన్ని వారాలు పడుతుంది కాబట్టి, ఈలోగా తలమీద వెండిచుక్క ఉండే చిన్న చెరువు చేపలు ఐదారు వదలండి. గంబూసియా చేప వద్దు, అది కప్ప గుడ్లనీ తోకకప్పల్నీ కూడా తింటుంది. వారానికోసారి తెల్లటి మగ్గుతో అంచు నీళ్ళు ముంచి చూడండి. దోమ పిల్లలు మెలికలు తిరుగుతూ కనిపిస్తే ఆ చోట మొక్కలు పలచన చేయండి.

జీడికి టీ దోమ (చిగుళ్ళ రసం పీల్చే పురుగు) మందు కొట్టేటప్పుడు మరీ జాగ్రత్త. లాంబ్డా సైహలోత్రిన్ లాంటి మందు తుంపర గాలికి వచ్చి గుంటలో పడితే చేపలూ తూనీగ పిల్లలూ పోతాయి. గాలి గుంట వైపు వీస్తుంటే ఆ పూట కొట్టొద్దు, పంపు గుంటలో కడగొద్దు. పక్క చెట్లకి మందు కొట్టారంటే గట్టు మీది ఆకుకూర తినకండి.

ఇంకోటి, ఇది మొక్కల కన్నా ముఖ్యం. నాలుగేళ్ళ బాబుకి రెండున్నర అడుగుల నీరు ప్రాణం మీదికి తెచ్చేదే. నీళ్ళు నింపకముందే చుట్టూ వెదురు దడి కట్టించి, తలుపుకి గడియ పెట్టించండి. నీరుకట్టె పాము వస్తుంది, దానికి విషం లేదు. అయినా రాత్రి టార్చి లేకుండా అటు వెళ్ళకండి.

అత్తగారి తామర కోరిక తీర్చవచ్చు. గుంటలో కాదు, మూడడుగుల సిమెంటు తొట్టిలో. తామర వేరు బురదలో పరుగులు పెడుతుంది, మీ గుంటకి అది మరీ ఎక్కువ. తొట్టిలో బంకమట్టి పోసి ఎండ తగిలే చోట పెట్టండి, అందులోనూ రెండు చేపలు వదలండి.

తొలకరి పడగానే నాటడం మొదలుపెట్టండి. తెచ్చిన ప్రతి మొక్కనీ బకెట్ నీళ్ళలో జాడించి, వేళ్ళలో గుర్రపుడెక్క ముక్క లేదని చూశాకే గుంటలో దించండి. తర్వాత పలచన చేసి తీసిన నాచుని వెంటనే పెంటకుప్పలో వేయకుండా ఒక రోజు గట్టు మీదే వదలండి. అందులో చిక్కుకున్న తూనీగ పిల్లలు పాక్కుంటూ నీటిలోకి వెళ్ళిపోతాయి.