డిజిటల్ పాలసీలోకి వెళ్లాలంటే ఒడియా పరీక్ష దేనికి?

ప్రశ్న: మేడం గారూ, మాది గుణుపురం. ఇంట్లో తెలుగే మాట్లాడతాం. స్కూల్లో హిందీ, సంస్కృతం తీసుకున్నాను. ఒడియా మాట్లాడతాను గానీ రాయడం రాదు. నిరుడు కంప్యూటర్స్‌లో బీటెక్ పూర్తయింది. ఇప్పుడు మా అన్నయ్య నడిపే మో సేవా కేంద్రంలో సాయంగా కూర్చుంటున్నాను. పింఛన్లకీ, కుల, ఆదాయ ధ్రువపత్రాలకీ దరఖాస్తులు పెడుతుంటే, అసలు ఈ ఫారంలో ఏం అడగాలో ఎవరు తేలుస్తారా అనిపిస్తుంది. ఆ పని నేను చెయ్యాలని ఉంది. నాన్నగారేమో విశాఖ వెళ్లి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చూసుకోమంటున్నారు. డిజిటల్ పాలసీలో నిజంగా ఉద్యోగాలు ఉంటాయా?
– ఒక పాఠకురాలు, రాయగడ జిల్లా

జవాబు: ఉంటాయి తల్లీ. కాకపోతే ఆ పేరుతో నోటిఫికేషన్ పడదు. అందుకే చాలామందికి దారి దొరకదు.

నువ్వు అడిగిన ఫారం సంగతే చూడు. కుల ధ్రువపత్రానికి ఏ కాగితాలు జతచేయాలో రెవెన్యూ శాఖ చెబుతుంది. దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించేది సాంకేతిక సంస్థ. కలెక్టరేట్‌లో కూర్చునే ఎన్ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్, కేంద్ర ప్రభుత్వ సాంకేతిక సంస్థ) వాళ్లని జనం తిడుతుంటారు గానీ, 1976 నుంచీ ఉన్న ఆ సంస్థ పని నిర్మాణం. నిర్ణయం ఫైలు మీద జరుగుతుంది. కోరాపుట్, రాయగడ జిల్లాల్లో నేను ఉద్యోగం చేసిన రోజుల్లో ఒక శాఖ దరఖాస్తుకి ఓటీపీ తప్పనిసరి చేసింది. కొండమీద ఊళ్లలో సిగ్నల్ ఉండదు. ఫోను ఉన్న కొడుకు కేరళలో కూలి పనికి పోయి ఉంటాడు. ఓటీపీ రాకపోతే వేలిముద్రో, పంచాయతీ సంతకమో తీసుకోవచ్చని ఒక పేజీ నోటు పెట్టాం. అది పైకి వెళ్లి ఉత్తర్వుగా దిగడానికి నెలలు పట్టింది. డిజిటల్ పాలసీలో సగం పని ఇలాంటిదే. మిగతా సగం చట్టాలు, వాటి నియమాలు. అది ఢిల్లీలో, 2016లో విడి మంత్రిత్వ శాఖగా ఏర్పడిన ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ చేతిలో ఉంటుంది.

నీ బీటెక్‌తో ఎన్ఐసీలో సైంటిస్ట్-బి అనే పోస్టుకి పోటీ పడొచ్చు. గెజిటెడ్ ఉద్యోగం, గౌరవం ఉంటుంది. కానీ నీ ఉత్తరం చదివితే నీకు కోడ్ రాయాలని లేదు, కోడ్ ఏం చెయ్యాలో చెప్పాలని ఉంది. ఆ కుర్చీ ఓఏఎస్ (ఒడిశా రాష్ట్ర పాలనా సర్వీసు), ఐఏఎస్ అధికారులది. శాఖల్లో కన్సల్టెంటుగా ఒప్పందం మీద చేరితే ఫైళ్లు తొందరగా చేతికొస్తాయి, కానీ ప్రాజెక్టు అయిపోతే ఉద్యోగమూ అయిపోతుంది. మొదటి ఉద్యోగంగా దాన్ని నేను సిఫార్సు చెయ్యను. నీకింకా పాతికేళ్లు దాటకపోతే చట్టసభల పనిమీద పరిశోధన చేసే పీఆర్ఎస్ సంస్థ ఇచ్చే ల్యాంప్ (ఎంపీలకి సహాయకులుగా పనిచేసే) ఫెలోషిప్‌కి తప్పకుండా దరఖాస్తు పెట్టు. ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. వర్షాకాల సమావేశాల నుంచి బడ్జెట్ సమావేశాలు ముగిసేదాకా ఒక ఎంపీ దగ్గర బిల్లులు చదివి, ప్రశ్నలు తయారుచేసి ఇచ్చే పని. బిల్లు ఎలా పుడుతుందో, ఎక్కడ మారుతుందో కళ్లారా చూస్తావు.

ఈలోగా 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తెచ్చుకుని చదువు. చిన్నదే. అయిదో సెక్షన్ ప్రకారం, మన సమ్మతి అడిగేవాళ్లు ఇచ్చే నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు కల్పించాలి. అందులో తెలుగూ ఉంది, అంటే గుణుపురం ముసలమ్మకి బ్యాంకు యాప్ తెలుగులో చెప్పాలన్నమాట. బావుంది కదా! ఇప్పుడు ఏడో సెక్షన్ చూడు. ప్రభుత్వం సబ్సిడీ, పింఛను, ధ్రువపత్రం లాంటివి ఇచ్చేటప్పుడు కొన్ని షరతులకు లోబడి కొత్తగా సమ్మతి అడగక్కర్లేదు. సమ్మతి అడగనప్పుడు ఆ నోటీసు మాటే రాదు. మరి పింఛనుకి వచ్చిన ఆవిడకి తన వివరాలు ఎక్కడికెళ్తున్నాయో ఏ భాషలో, ఎవరు చెప్పాలి? దీనిమీద రెండు పేజీలు రాయి. కౌంటర్ దగ్గర కూర్చున్న నీకు తోచే ఉదాహరణలు ఢిల్లీలో ఎంత చదువుకున్నవాళ్లకీ తోచవు. ఈ చట్టం నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతల అమలుకి పద్దెనిమిది నెలలు గడువిచ్చారు. అంతకుముందు అదే ఏడాది జనవరిలో ముసాయిదా పెట్టి అభిప్రాయాలు అడిగారు. ఇకమీద ఏ ముసాయిదా వచ్చినా నీ పేరుతో ఒక అభిప్రాయం పంపు. ఇంటర్వ్యూలో చూపించుకోవడానికి సర్టిఫికెట్ కోర్సుల కంటే అది నయం. ఆ కోర్సులకి వేలకి వేలు పోస్తున్న పిల్లల్ని చూస్తే నాకు చిరాకే.

రాష్ట్రం వైపు చూస్తే 2012 నాటి ఒడిశా ప్రజా సేవల హక్కు చట్టం ఉంది. ఏ సేవ ఎన్ని రోజుల్లో ఇవ్వాలో గడువు పెట్టేది అదే. మీ కేంద్రంలో గడువు దాటిన దరఖాస్తులు ఏ మెట్టు దగ్గర ఆగుతున్నాయో, పేర్లు లేకుండా, ఒక నోటుబుక్కులో రాసుకుంటూ ఉండు.

ఇక ఒడియా. ఓఏఎస్ రాయాలంటే ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం మూడూ రావాలి. ఏడో తరగతిలోనో ఆపైనో ఒడియా పాసై ఉండాలి, లేదంటే ఆ స్థాయి పరీక్ష విడిగా పాసవ్వాలి. మన సరిహద్దు తెలుగు పిల్లలు మార్కులున్నా ఇక్కడే ఆగిపోతారు, ఫారం నింపే రోజున గుర్తొచ్చి టెన్షన్ పడతారు. ఆ పరీక్ష సంగతి ఈ నెలలోనే కనుక్కో. రోజూ ఒక ఒడియా పేపర్లో జిల్లా పేజీ చదివి, నాలుగు వాక్యాలు చేత్తో రాయి. ఫైలు నోటు రాసేదీ ఆ భాషలోనేగా.

నాన్నగారి మాట కొట్టిపారెయ్యకు. రెండేళ్లు విశాఖలో పనిచేస్తే చేతిలో డబ్బుంటుంది, తర్వాత చదువుకి ఎవర్నీ అడగక్కర్లేదు. ల్యాంప్ వయసు మాత్రం ఆగదు కాబట్టి అది ముందు పెట్టుకుని, రాకపోతే విశాఖ బస్సెక్కు.