రాని రోజుకు హాజరు వేస్తే

ప్రశ్న: నేను ఎనిమిదో తరగతి క్లాసు టీచరును. నా విద్యార్థిని ఒకమ్మాయి తరచూ సోమ, మంగళవారాలు బడికి రావడం లేదు. వచ్చిన రోజు బెంచీ మీదే నిద్రపోతుంది. కొత్త ఫోను ఎవరు కొన్నారంటే మాట మారుస్తుంది. మేనమామనంటూ ఒకాయన గేటు దగ్గర కాచుకుని ఉంటాడు. ఇప్పుడు ఆయనే టీసీ అడుగుతున్నాడు. ఏ బడిలో చేరుస్తారో చెప్పడు. తల్లి మాత్రం ‘మాకు ఇష్టమే’ అంటోంది. హాజరు తగ్గితే నష్టపోతుందని జాలిపడి రాని రోజులకూ హాజరు వేశాను. అక్రమ రవాణా ఏమోనని భయం. రుజువు లేకుండా ఫిర్యాదు చేస్తే నా మీదికి వస్తుందా? నాకు నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీ నిద్ర సంగతి తరువాత. మీరు ఒక్క వాక్యంలో దాటేసిన హాజరు పట్టిక దగ్గరే ఈ కేసు నిలవడమో కూలడమో జరుగుతుంది. ‘ఆ సోమవారం అమ్మాయి తరగతిలోనే ఉందని టీచరు సంతకం చెబుతుంటే, మా కక్షిదారు ఎక్కడికి తీసుకెళ్లినట్లు?’ అని ఎదుటి వకీలు అడుగుతారు. మీ జాలి చివరికి నిందితుడికి అక్కరకొచ్చింది. సంతకం పెట్టే చేతికి ఇంత అజాగ్రత్త తగదు.

అలాగని ఇప్పుడు వైట్‌నర్ ముట్టుకోకండి. దిద్దిన పట్టిక తప్పుడు హాజరు కంటే ప్రమాదం. సాక్ష్యం తారుమారు చేశారని కేసు మీ మీదికే మళ్లవచ్చు. పట్టికను ఉన్నది ఉన్నట్లే వదిలేసి, ఆమె ఏ రోజుల్లో రాలేదో వేరే కాగితం మీద రాసి, ఈరోజు తేదీతోనే ప్రధానోపాధ్యాయుడికిచ్చి అందినట్లు సంతకం తీసుకోండి. మెమో వస్తే రానివ్వండి. ఆ తేదీల పాఠం లేని ఆమె నోటుపుస్తకాలు, రాయని పరీక్షల మార్కుల జాబితా మీ మాటకు బలమిస్తాయి.

రుజువు వెతకడం పోలీసుల పని. నిద్రకు, ఫోనుకు వంద కారణాలుంటాయి. చేరబోయే బడి పేరు చెప్పకుండా టీసీ కోసం తొందరపడే మనిషి సంగతి వేరు. లైంగిక దోపిడీ జరుగుతుందన్న అనుమానం ఉన్నా పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద తెలియజేయడం మీ విధి. దాచిపెడితే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు. సదుద్దేశంతో చెప్పినవారి మీద సివిల్, క్రిమినల్ బాధ్యత ఏదీ ఉండదని అదే 19వ సెక్షన్ అంటోంది.

తల్లి ఇష్టపడిందన్న మాట ఎవరినీ కాపాడదు. డబ్బిచ్చి సంరక్షకుల అంగీకారం పొందడం కూడా అక్రమ రవాణా కిందికే వస్తుందని ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్ చెబుతోంది. బాధితురాలి సమ్మతికీ విలువ లేదు. పిల్లల విషయంలో శిక్ష పదేళ్లకు తగ్గదు, యావజ్జీవం దాకా వెళ్లవచ్చు.

ఇంత పెద్ద నేరానికి కాలపరిమితి లేదు. కానీ గేటు దగ్గరి కెమెరా కోర్టు కోసం ఆగదు, పాతదాని మీద కొత్తది ఎక్కించుకుంటూ పోతుంది. ఈరోజే కాపీ తీయించి, భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన ధ్రువపత్రం జతచేయించండి.

ఇప్పుడే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ పోలీసులకు గానీ ఫోను చేయండి. మా పరిధి కాదంటే, పరిధితో పని లేకుండా ఏ స్టేషనులోనైనా నమోదు చేసే జీరో ఎఫ్ఐఆర్ కట్టమనండి. రాతపూర్వక ఫిర్యాదు ఒకటి బాలల సంక్షేమ సమితికి ఇవ్వండి, ప్రవేశాల రిజిస్టరులో ఆమె పుట్టినతేదీ ఉన్న పుట నకలు జతచేసి. వయసు తేల్చేటప్పుడు ముందు చూసేది బడి దస్త్రాలనే. అమ్మాయిని కూర్చోబెట్టి వీడియో తీయకండి, ఆ మనిషిని నిలదీయకండి. అనుమానం వచ్చిందని తెలిస్తే టీసీ లేకుండానే మాయమవుతాడు. టీసీ దరఖాస్తు మీద ఆయన రాసిన చిరునామా, సంతకం ఉంటాయి. ఆ అసలు కాగితాన్ని బీరువాలో పెట్టి తాళం వేయమనండి. పోలీసులు దాన్నే మొదట అడుగుతారు.