జీతం ఆరున, కార్డు బిల్లు నాలుగున: ఆటో డెబిట్ తీసేయాలా?

ప్రశ్న: కరీంనగర్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో పనిచేస్తున్నాను. జీతం ఐదో తేదీనో ఆరో తేదీనో పడుతుంది. క్రెడిట్ కార్డు బిల్లుకు గడువు నాలుగో తేదీ. కార్డు ఒక బ్యాంకుది, జీతం ఖాతా మరో బ్యాంకులో ఉంది. ఆ ఖాతా నుంచే ఆటో డెబిట్ పెట్టుకున్నాను. మే నెలలో 18,400 రూపాయల బిల్లు వచ్చింది. ఖాతాలో డబ్బు చాలక డెబిట్ బౌన్స్ అయింది. రెండు బ్యాంకులూ చెరో 590 రూపాయలు వసూలు చేశాయి. ఆరో తేదీన జీతం పడగానే బిల్లు మొత్తం కట్టేశాను. అయినా 750 రూపాయలు లేట్ ఫీజు వేశారు. అసలు గడువు రోజు ఏ టైమ్‌కు డబ్బు తీసుకుంటారు? ముందే నేను కట్టేస్తే మళ్లీ తీసుకుంటారా? ఈ టెన్షన్ ఎందుకు, ఆటో డెబిట్ తీసేయమంటారా?

జవాబు: తీసేయకండి. మార్చాల్సింది గడువు తేదీని. అది మీ చేతిలో పనే, ఎలాగో చెబుతాను. దానికంటే ముందు ఆ 750 రూపాయల సంగతి చూద్దాం, ఎందుకంటే అది మీకు తిరిగి రావాల్సిన డబ్బు.

క్రెడిట్ కార్డులపై రిజర్వ్ బ్యాంకు 2022లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, గడువు దాటి మూడు రోజులకు మించితేనే లేట్ ఫీజు వేయాలి. అప్పులు ఎలా కడుతున్నారో రికార్డు ఉంచే సంస్థలకు (క్రెడిట్ బ్యూరోలకు) మీరు బాకీ పడినట్టు చెప్పాలన్నా అదే లెక్క. మీరు కట్టింది రెండో రోజునే. కార్డు బ్యాంకుకు ఈమెయిల్ పెట్టి, గడువు తేదీ, మీరు కట్టిన తేదీ, ఫీజు పడిన స్టేట్‌మెంట్ జతచేసి, ఫీజును, దాని మీద జీఎస్టీ పడి ఉంటే దాన్నీ వెనక్కి ఇమ్మని అడగండి. ఫోన్‌లో అడిగి ఊరుకోవద్దు, ఫిర్యాదు నంబరు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా బ్యాంకులపై ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వ్ బ్యాంకు అధికారికి (అంబుడ్స్‌మన్‌కు) ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. దానికి ఖర్చేమీ లేదు.

బౌన్స్ ఛార్జీల విషయంలో మాత్రం ఈ మూడు రోజుల వెసులుబాటు పనికిరాదు. డెబిట్ వెనక్కి పోయిన క్షణంలోనే అవి పడిపోతాయి. కార్డు బ్యాంకులు చాలావరకు బిల్లులో 2 శాతం, కనీసం 450 లేదా 500 రూపాయలు తీసుకుంటాయి. మీ బిల్లులో 2 శాతమంటే 368 రూపాయలే. కాబట్టి కనీస మొత్తం 500, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి 590 అయింది. జీతం ఖాతా ఉన్న బ్యాంకు వేసింది వేరే ఛార్జీ. ఒక్క డెబిట్ తప్పితే రెండు వైపులా పడుతుంది.

ఇక గోరుచుట్టుపై రోకటిపోటు లాంటిది వడ్డీ. గడువులోగా మొత్తం కట్టకపోతే చాలా బ్యాంకులు వడ్డీని గడువు తేదీ నుంచి కాకుండా, మీరు కొన్న రోజు నుంచే లెక్కేస్తాయి. మీ స్టేట్‌మెంట్ 14న వస్తుందనుకుంటే, ఆ బిల్లులో మార్చి 15 నుంచి ఏప్రిల్ 14 దాకా కొన్నవి ఉంటాయి. ఆ కొనుగోళ్లు నెలంతా సమానంగా జరిగాయనుకుంటే, నెలకు 3.75 శాతం చొప్పున, మే 6న కట్టేనాటికి 18,400 మీద 800 రూపాయల పైనే అవుతుంది. ఆలస్యం రెండు రోజులే అయినా వడ్డీ నెల రోజులకు పైగా! పైగా అప్పటికే మొదలైన కొత్త నెల కొనుగోళ్లకు కూడా వడ్డీలేని గడువు పోతుంది. వచ్చే స్టేట్‌మెంట్‌లో ఈ వడ్డీ పడిందేమో తప్పకుండా చూడండి.

ఇప్పుడు టైమ్ సంగతి. వేరే బ్యాంకు ఖాతా నుంచి డెబిట్ నాచ్ (NACH) పద్ధతిలో, అంటే బ్యాంకుల మధ్య ఇలాంటి వసూళ్లు నడిపే ఉమ్మడి వ్యవస్థ ద్వారా జరుగుతుంది. కార్డు బ్యాంకు వసూలు వివరాల ఫైలును ముందే సిద్ధం చేసి పంపుతుంది. గడువు రోజు అది మీ బ్యాంకుకు చేరి, పరిశీలనకు వచ్చిన సమయంలో బ్యాలెన్స్ ఉందా లేదా అన్నదే లెక్క. చాలాసార్లు ఆ పని పొద్దున్నే అయిపోతుంది. మధ్యాహ్నం డబ్బు వేస్తే అప్పటికే బౌన్స్ అయి ఉండవచ్చు. అందుకని మూడో తేదీ సాయంత్రానికే ఖాతాలో డబ్బు ఉండాలి. ఆదివారం కదా, సోమవారం తీసుకుంటారులే అనుకోవద్దు. 2021 ఆగస్టు 1 నుంచి నాచ్ సెలవు రోజుల్లోనూ నడుస్తోంది.

ముందే మీరు కడితే రెండోసారి తీసుకుంటారా అంటే, బ్యాంకును బట్టి ఉంటుంది. కొన్ని మిగిలిన బాకీనే తీసుకుంటాయి. ఫైలు వెళ్లిపోయాక కడితే మాత్రం పూర్తి మొత్తం మళ్లీ పోవచ్చు. పోయినా ఆ డబ్బు కార్డులో మీ పేరనే జమగా ఉంటుంది, వెనక్కి అడగవచ్చు. కానీ నెల మొదట్లో 18 వేలు అలా ఇరుక్కుపోతే ఇల్లు గడవడం కష్టం. మీరే కట్టాలనుకుంటే గడువుకు వారం ముందే కట్టండి. చివరి రెండు మూడు రోజుల్లో వద్దు.

గడువు తేదీ మార్చమని అడగడం మీ హక్కు. బిల్లింగ్ సైకిల్‌ను, అంటే ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా కొన్నవి ఒక బిల్లులో వస్తాయో దాన్ని, కనీసం ఒకసారైనా మార్చుకునే అవకాశం కార్డుదారులకు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన ఉంది. మీది 14న స్టేట్‌మెంట్, 20 రోజుల గడువు అయితే, స్టేట్‌మెంట్‌ను 22కి మార్పించుకోండి. గడువు 12వ తేదీ ప్రాంతానికి జరుగుతుంది. జీతం ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అయినా ఇబ్బంది లేదు. యాప్‌లోనో కస్టమర్ కేర్‌లోనో అడగవచ్చు. మారే నెలలో బిల్లు మామూలుకంటే ఎక్కువ రోజులదో తక్కువ రోజులదో వస్తుంది, కంగారుపడకండి.

పనిలో పనిగా మాండేట్‌లో, అంటే ఆటో డెబిట్‌కు మీరిచ్చిన అనుమతిలో, రెండు విషయాలు చూసుకోండి. అందులో టోటల్ డ్యూ (బిల్లు మొత్తం) ఎంచుకున్నారా, మినిమమ్ డ్యూ (కట్టాల్సిన కనీస మొత్తం) ఎంచుకున్నారా? మినిమమ్ అయితే ప్రతి నెలా కొంచెం పోతుంది, మిగతాదానికి ఆ భారీ వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. వెంటనే టోటల్‌కు మార్చండి. రెండోది, మాండేట్‌కు గరిష్ఠ పరిమితి. అది 25 వేలు ఉండి, దసరా నెలలో బిల్లు 31 వేలు వస్తే, ఖాతాలో లక్ష ఉన్నా డెబిట్ ఆగిపోవచ్చు. పరిమితి పెంచాలంటే కొత్త మాండేట్ ఇవ్వాలి, అది నమోదు కావడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆటో డెబిట్ అవుతుందని స్టేట్‌మెంట్‌లో కనిపించేదాకా బిల్లు మీరే కట్టండి.