కుక్కకు పెట్టిన కొలాజెన్ పొడి: కేసు పర్లాకిమిడిలోనే వేయొచ్చా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. తొమ్మిదేళ్ల మా లాబ్రడార్‌కి కీళ్ల నొప్పులని ఆంధ్రలోని పాతపట్నం దుకాణంలో రెండు డబ్బాల కొలాజెన్ పొడి కొన్నాం. 'ప్రోటీన్ 90 శాతం, ఇక గుడ్డు, మాంసం అక్కర్లేదు, కీళ్లవాతం నయం' అని డబ్బా మీద ఉంది. నమ్మి మూడు నెలలు అన్నంలో ఆ పొడే కలిపి పెట్టాం. 31 కిలోల కుక్క 26 కిలోలకు చిక్కిపోయింది. రెండో డబ్బా సీలు తీయలేదు. కేసు వేయొచ్చా? ఆంధ్రలోనా, ఒడిశాలోనా?

జవాబు: ముందు ఆ పొడి మీదే ఉంచడం మానేసి, కుక్కను డాక్టర్‌కి చూపించండి. కేసు పర్లాకిమిడిలోనే వేయొచ్చండి. దుకాణం సరిహద్దు అవతల ఉన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ప్రకారం మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లొచ్చు. కొన్న ధర ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. గడువు రెండేళ్లు.

అసలు చిక్కు ఫిర్యాదు రాయడంలో ఉంది. '90 శాతం ప్రోటీన్ అన్నది అబద్ధం' అని మాత్రం రాయకండి. కొలాజెన్ అంటే జంతువుల చర్మం, ఎముకల్లో ఉండే ప్రోటీన్, కాబట్టి ఆ పొడి దాదాపు అంతా ప్రోటీనే. ల్యాబ్‌లో మామూలుగా నైట్రోజన్‌ను కొలిచి ప్రోటీన్ లెక్క కడతారు. రిపోర్టులో 90 అని వచ్చిందా, మీ కేసు అక్కడే కూలిపోతుంది. లోపం ఆ ప్రోటీన్ రకంలో ఉంది. ప్రోటీన్ అమైనో ఆమ్లాలనే చిన్న ముక్కలతో తయారవుతుంది. ఇందులో వాటిలో గ్లైసిన్, ప్రోలిన్, హైడ్రాక్సీప్రోలిన్ మెండుగా ఉంటాయి, ట్రిప్టోఫాన్ మాత్రం ఉండదు. కుక్కకు తిండి ద్వారానే అందాల్సిన పది అమైనో ఆమ్లాల్లో అదొకటి. గుడ్డులో, మాంసంలో అది దొరుకుతుంది. కాబట్టి మీరు పట్టుకోవాల్సింది 'గుడ్డు, మాంసం అక్కర్లేదు' అన్న మాటని. ఈ చట్టం లేబుల్‌ను కూడా ప్రకటనగానే చూస్తుంది. సెక్షన్ 2(28) కింద అది తప్పుదోవ పట్టించే ప్రకటన అని రాయండి.

సీలు తీయని డబ్బాని అలాగే దాచండి. సెక్షన్ 38 కింద కమిషనే నమూనాకి సీలు వేసి ల్యాబ్‌కి పంపుతుంది, ఖర్చు మీరు కట్టాలి. 'అమైనో ఆమ్లాల పరీక్ష' కావాలని పేరు పెట్టి అడగండి.

ఆహార భద్రత అధికారుల చుట్టూ తిరగకండి. 2006 నాటి ఆహార భద్రత చట్టం మనుషుల తిండికే. 'నయం' అన్న మాట మీద డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కి విడిగా ఫిర్యాదు ఇవ్వొచ్చు, 1940 నాటి మందుల చట్టంలో జంతువుల మందులూ మందులే.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. 'ముసలి కుక్క, జబ్బుతో చిక్కింది' అని అవతలి లాయర్ తప్పకుండా అంటాడు. డాక్టర్ చీటీలో రెండు బరువులు, తేదీలు ఉంటే సరిపోదు. రక్తపరీక్షలు చేయించి, వేరే జబ్బేమీ లేదని తేలితే ఆ మాట, ఈ మూడు నెలలు ఏం తిన్నదీ డాక్టర్ చేతే రాయించి సంతకం తీసుకోండి.